సితార్, ఫ్లమెంకో ఎక్కడ కలుస్తాయి? ఎక్కడ కలవవు?



ఈ నెల 'ఇంట్లో కలిసి నేర్చుకుందాం' పేజీకి ఒక సంగీత పాఠం తీసుకున్నాం. మీకు సంగీతం రాకపోయినా ఇబ్బంది లేదు. పన్నెండు వరకు లెక్కపెట్టడం, చప్పట్లు కొట్టడం వస్తే చాలు. ఇంట్లో కీబోర్డ్ ఉంటే ఇంకా మంచిది. పాఠం పూర్తయ్యేసరికి మీ అబ్బాయికి గానీ అమ్మాయికి గానీ కొంచెం సంగీతం, కొంచెం చరిత్ర, కొంచెం గణితం పరిచయమవుతాయి. వాటితో పాటు విన్న మాటను పరీక్షించి చూసే అలవాటు కూడా అబ్బుతుందని ఆశ.

పరీక్షించాల్సిన మాట ఇది: "స్పెయిన్ దేశపు ఫ్లమెంకో సంగీతం మన దేశం నుంచే వెళ్లింది. వాళ్ల గిటార్ మన సితారే." ఇలాంటి మెసేజ్‌లు ఫ్యామిలీ గ్రూపుల్లో తరచూ కనిపిస్తాయి. చదవగానే గర్వంగా అనిపిస్తుంది, వెంటనే ఇంకో గ్రూపుకు పంపేస్తాం. ఇందులో ఎంత నిజం ఉందో పిల్లలతో కలిసి ఒక్కో మెట్టుగా చూద్దాం.

ముందుగా, ఏది ఏమిటి?

ఫ్లమెంకో స్పెయిన్ దక్షిణ ప్రాంతమైన ఆండలూసియాలో పుట్టిన కళ. సెవిల్, కాడిజ్, హెరెజ్ పట్టణాలు దానికి పుట్టిళ్లు. పాట, గిటార్, నాట్యం మూడూ ఫ్లమెంకోలో భాగాలే. అందరూ గిటార్ గురించే మాట్లాడతారు కానీ అక్కడ మొదటి స్థానం పాటది. గాయకుడి గొంతులో బాధ పలకాలి, అది కాస్త బొంగురుగా ఉన్నా ఫర్వాలేదు. చుట్టూ కూర్చున్నవాళ్లు చప్పట్లతో తాళం పట్టుకుంటారు. మంచి పలుకు పడితే మన సభల్లో "శభాష్", "భేష్" అన్నట్టు అక్కడ "ఓలే" అంటారు. 2010లో యునెస్కో ఈ కళను మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

సితార్ హిందుస్తానీ సంగీతపు తీగ వాయిద్యం. మన బొబ్బిలి వీణ తెలిసినవాళ్లకు పోలిక చెప్పడం తేలిక. వీణ మెట్లు మైనంలో గట్టిగా కూర్చుని ఉంటాయి. సితార్ మెట్లు వంపు తిరిగి ఉంటాయి, వాటిని దారంతో కట్టి ఉంచుతారు, అవసరాన్ని బట్టి జరుపుకోవచ్చు. మెట్ల కింద ఇంకో వరస సన్నని తీగలు ఉంటాయి. వాటిని ఎవరూ నేరుగా మీటకపోయినా పైతీగ పలికినప్పుడు అవి తమంతట తామే మోగుతాయి. సితార్ నాదం వెనక వినిపించే ఆ మెరుపు చాలావరకు వాటిదే. ఫిజిక్స్‌లో పిల్లలు చదివే అనునాదం ఇదే.

మొదటి పరీక్ష: స్వరాలు

కర్ణాటక సంగీతం నేర్చుకునే పిల్లలు సరళీ వరుసలు మొదలుపెట్టేది మాయామాళవగౌళ రాగంలో. సంగీతం క్లాసుకు వెళ్లిన ఏ పిల్లకైనా స రి గ మ ప ద ని స ఆ రాగంలోనే నోటికి వచ్చి ఉంటుంది. అందులో ఒక్క స్వరాన్ని మార్చండి. కాకలి నిషాదం తీసి, దానికి ఒక మెట్టు కిందున్న కైశికి నిషాదం పెట్టండి. అప్పుడు వచ్చేది 14వ మేళకర్త రాగం వకుళాభరణం. హిందుస్తానీలో దీనికి దగ్గరి రాగం బసంత్ ముఖారి. ఫ్లమెంకోలో ఎక్కువగా వినిపించే స్వరాల వరస కూడా సరిగ్గా ఇదే.

కీబోర్డ్ ఉన్నవాళ్లు ఇలా చేసి చూడండి. 'ఇ' కీ నుంచి మొదలుపెట్టి పై 'ఇ' వరకు తెల్ల కీలన్నీ వరసగా నొక్కండి. అవి 8వ మేళకర్త హనుమతోడి స్వరాలు. హిందుస్తానీలో భైరవి థాట్ స్వరాలూ ఇవే. ఇప్పుడు 'జి' బదులు దాని కుడిపక్క నల్ల కీ నొక్కండి. వకుళాభరణం స్వరాలు వస్తాయి. ఫ్లమెంకో గిటార్ ఈ రెండు వరసలనూ కలిపి వాడుకుంటుంది. పైనుంచి దిగేటప్పుడు చిన్న గాంధారం, షడ్జమం దగ్గర ఆగేటప్పుడు పెద్ద గాంధారం వస్తాయి. ఒకే పాటలో రెండు గాంధారాలు తిరుగుతూ ఉండటమే ఆ సంగీతానికి అంత దిగులు, అంత తీక్షణత ఇస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. స్వరాలు ఒకటైనంత మాత్రాన రాగం ఒకటి కాదు. రాగానికి గమకం ఉంటుంది, ఏ స్వరం మీద ఎంతసేపు నిలవాలన్న పద్ధతి ఉంటుంది. అక్షరమాల ఒకటే అయినంత మాత్రాన రెండు భాషలు ఒకటి కావు కదా. కాకపోతే అక్షరాలు కలిస్తే ఒకరి పేరు ఇంకొకరు చదవగలుగుతారు. సితార్, ఫ్లమెంకో కళాకారులు ఒక గదిలో కూర్చున్నప్పుడు మొదటి పది నిమిషాల్లో జరిగేది ఇదే.

రెండో పరీక్ష: తాళం

ఫ్లమెంకోలో చాలా రకాల పాటలు పన్నెండు లెక్కల చక్రంలో నడుస్తాయి. అన్ని లెక్కలూ ఒకే బరువుతో ఉండవు. సొలెయా అనే నిదానమైన రకంలో 3, 6, 8, 10, 12 లెక్కల మీద ఊనిక పడుతుంది. బులేరియా అనే వేగమైన రకంలో లెక్క 12 దగ్గర మొదలవుతుంది: 12, 3, 6, 8, 10. వినడానికి గజిబిజిగా ఉంటుంది కానీ మన పిల్లలకు దీన్ని నేర్పడం చాలా సులువు. ఇలా పలికించండి:

తకిట – తకిట – తక – తక – తక

మూడు, మూడు, రెండు, రెండు, రెండు. మొత్తం పన్నెండు. ప్రతి ముక్క మొదటి అక్షరం మీద గట్టిగా చప్పట్లు కొట్టాలి. ఇదే బులేరియా నడక. భోజనం తర్వాత అయిదు నిమిషాలు ఇంటిల్లిపాదీ కొడితే రెండు మూడు రోజుల్లో పట్టుబడుతుంది.

హిందుస్తానీలో పన్నెండు మాత్రల తాళం ఏక్‌తాల్. అందులో విభాగాలు రెండేసి మాత్రల చొప్పున ఆరు ఉంటాయి. మన రూపక తాళం ఆరు అక్షరాలు, రెండు ఆవర్తనాలు వేస్తే పన్నెండు. అంటే చక్రం పొడవు ఒకటే, లోపలి పంపకం వేరు. అందుకే తబలా, ఫ్లమెంకో చప్పట్లు కలిసి నడిచేటప్పుడు మధ్యలో ఢీకొంటున్నట్టు అనిపిస్తాయి, చక్రం చివర మాత్రం కచ్చితంగా ఒకచోట చేరతాయి. వినేవాడికి ఆనందం ఆ చేరికలోనే ఉంది.

ఆరో తరగతి పిల్లలకు ఒక ప్రశ్న. ఆది తాళం 8 అక్షరాలు. బులేరియా 12 లెక్కలు. ఇద్దరూ ఒకేసారి మొదలుపెడితే మళ్లీ ఎన్నో లెక్క తర్వాత ఇద్దరి మొదటి దెబ్బలు కలిసి పడతాయి? జవాబు 8, 12 ల క.సా.గు., అంటే 24. ఆది తాళం మూడు చక్రాలు, బులేరియా రెండు చక్రాలు. అమ్మ ఒకటి, నాన్న ఒకటి వేస్తుంటే పిల్లలు కలిసే చోట "సమం" అని అరవాలి. క.సా.గు. అంటే ఏమిటో ఆ పిల్లలు ఇక మర్చిపోరు.

కుదరని చోట్లు

ఇంత కలిసినా కుదరనివి ఉన్నాయి. పిల్లలకు అవి కూడా చెప్పాలి.

గిటార్ ఒకేసారి మూడు నాలుగు స్వరాలు కలిపి కార్డ్‌గా పలుకుతుంది, ఆ కార్డ్‌లు మారుతూ ఉంటాయి. సితార్ ఒక షడ్జమాన్ని పట్టుకుని, శ్రుతి తీగల మీద అదే మోగిస్తూ, ఒక్కో స్వరాన్నీ విప్పుకుంటూ పోతుంది. కింద నేల కదులుతుంటే నిలబడటం ఎలా అన్నది సితార్ వాయించేవారి కష్టం. ఫ్లమెంకో గిటారిస్టులకు ఉన్న ఒక అలవాటు ఇక్కడ సాయపడుతుంది. వాళ్లు కార్డ్ మార్చినా పైన 'ఇ' తీగను తరచూ అలాగే మోగనిస్తారు. శుద్ధ రిషభం మీది కార్డ్‌లో కూడా షడ్జమం వినిపిస్తూనే ఉంటుంది. ఆ రాపిడి వాళ్లకు ఇష్టం. మన శ్రుతికి అలవాటుపడిన చెవికి అది వెంటనే పరిచయస్తుల గొంతులా తోస్తుంది.

రెండో కష్టం తీగ లాగడం. సితార్‌పై ఒకే మెట్టు మీద తీగను పక్కకు లాగి నాలుగైదు స్వరాల దూరం జారిపోవచ్చు. గిటార్‌కు అంత స్వేచ్ఛ లేదు. ఫ్లమెంకోలో ఆ జారుడు గాయకుడి గొంతులో ఉంటుంది. అందుకే సితార్‌కు నిజమైన జోడీ గిటార్ కంటే ఫ్లమెంకో పాట అని నాకనిపిస్తుంది. కింద చెప్పిన పాటలు విని మీరే తేల్చండి.

చుట్టరికం ఎంత?

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ పోలికలన్నీ మన దేశం నుంచి వెళ్లినవేనా?

ఒక ప్రయాణం మాత్రం నిజంగా జరిగింది. దాదాపు వెయ్యేళ్ల కిందట భారతదేశపు వాయవ్య ప్రాంతాల నుంచి కొన్ని జనసమూహాలు పడమటికి వెళ్లాయి. పర్షియా, ఆర్మేనియా, గ్రీకు దేశాల మీదుగా ఐరోపా అంతటా వ్యాపించిన వీళ్లను రోమా ప్రజలు అంటారు. ఈ సంగతికి గట్టి సాక్ష్యం వాళ్ల భాష. రోమానీ భాషలో అంకెలు చూడండి: యెఖ్, దుయ్, త్రిన్, ష్తార్, పాంజ్, షోవ్, ఎఫ్తా, ఒఖ్తో, ఎన్యా, దెష్. హిందీ వచ్చిన పిల్లలు ఒకటి నుంచి ఆరు వరకు, ఆపై పదిని ఇట్టే పోల్చుకుంటారు. నీళ్లను పానీ అంటారు, ముక్కును నఖ్ అంటారు, మనిషిని మనుష్ అంటారు. మరి ఏడు, ఎనిమిది, తొమ్మిది ఎందుకు వేరుగా ఉన్నాయి? అవి గ్రీకు పదాలు. దారిలో ఎక్కడ ఎక్కువ కాలం ఆగారో ఆ మూడు అంకెలే చెబుతున్నాయి. భాష నేర్పే టీచర్‌గా నాకు ఈ పాఠంలో అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే.

స్పెయిన్‌లో వీళ్ల గురించిన తొలి రాతపూర్వక ఆధారం 1425 నాటిది. ఆరగాన్ రాజు ఇచ్చిన ప్రయాణ అనుమతి పత్రం అది. ఈజిప్టు నుంచి వచ్చారనుకుని వాళ్లకు స్పెయిన్‌లో హితానోలు అని పేరు పెట్టారు. ఇంగ్లిష్‌లో జిప్సీ అన్న మాట పుట్టిందీ ఆ పొరపాటు నుంచే. మొదట్లో ఆదరించారు, తర్వాత తరిమారు. 1499 నాటి రాజశాసనం అరవై రోజుల్లో స్థిరపడి పనిలో చేరండి, లేదంటే దేశం విడిచి పొండి అంది. 1749లో ఒకే ఆజ్ఞతో దేశమంతటా వేలమంది హితానోలను నిర్బంధించి, మగవాళ్లను ఆడవాళ్ల నుంచి వేరు చేశారు. తమ భాషను కూడా చాలావరకు పోగొట్టుకున్నారు. ఈ రోజు అక్కడ మిగిలింది స్పానిష్ వ్యాకరణంలో రోమానీ పదాలు కలిసిన కలో అనే మాట్లాడే తీరు. ఫ్లమెంకో పాటలోని బాధ ఊరికే వచ్చింది కాదు.

అయితే ఫ్లమెంకో ఒక్క హితానోల సొత్తే అనడం సరికాదు. ఆండలూసియాను శతాబ్దాలపాటు ముస్లిం రాజులు ఏలారు, గ్రనడా 1492 వరకు వాళ్ల చేతిలో ఉంది. యూదులు అక్కడ బతికారు. స్పెయిన్ జానపదుల ఫాండాంగో పాటలు, పండుగల్లో ఆడే సెవియానా నాట్యాలు అక్కడివే. 1922లో గ్రనడాలో ప్రాచీన ఫ్లమెంకో పాటకు పోటీలు పెట్టిన స్వరకర్త మాన్యుయెల్ దె ఫాయా కూడా ఈ పాటకు మూలాలు మూడని రాశాడు: పాత చర్చి గానం, అరబ్బుల రాక, హితానోల రాక.

కాలాలు కూడా పోల్చండి. రోమాలు మన దేశం వదిలింది వెయ్యేళ్ల కిందట. సితార్ ఇప్పటి వాయిద్యంగా ఢిల్లీలో రూపుదిద్దుకున్నది 18వ శతాబ్దంలో. ఫ్లమెంకో ఒక కళగా నిలబడింది 18వ శతాబ్దం చివర, 19వ శతాబ్దంలో. వెళ్లినవాళ్లు ఇంకా పుట్టని సితార్‌ను వెంట తీసుకెళ్లలేరు. కాబట్టి మెసేజ్‌లో మనుషుల ప్రయాణం నిజం, భాష చుట్టరికం నిజం, "గిటార్ మన సితారే" అన్నది నిజం కాదు. ఫ్లమెంకో ఆండలూసియాలో, అక్కడి మనుషుల చేతుల్లో తయారైంది. మన పిల్లలు ఇంత వివరంగా చెప్పగలిగితే అదే మనకు గర్వకారణం.

నిజంగా కలిపినవాళ్లు

సెవిల్‌కు చెందిన గ్వాల్బెర్తో గార్సియా రాక్ సంగీతం నుంచి వచ్చి సితార్ చేపట్టాడు. 1979లో గొప్ప హితానో గాయకుడు కమరోన్ దె ల ఇస్లా 'లా లెయెందా దెల్ తియెంపో' అనే ఆల్బమ్ చేశాడు. అందులో కవి లోర్కా రాసిన ఒక జోలపాటకు గ్వాల్బెర్తో సితార్ వాయించాడు. జోలపాట అక్కడి జానపద సంపద, మన ఇళ్లలో లాగే. ఆల్బమ్ మొత్తంగా అప్పట్లో చాలామంది పాత అభిమానులకు నచ్చలేదు, అమ్మకాలూ తక్కువే. ఇప్పుడు ఫ్లమెంకో చరిత్రను మలుపు తిప్పిన వాటిలో దాన్ని లెక్కిస్తారు.

పోలండ్‌కు చెందిన గిటారిస్టు మిగెల్ చహోవ్‌స్కీ 2005లో 'ఇండియలూసియా' పేరుతో సితార్, తబలా, ఫ్లమెంకో కలిపిన ఆల్బమ్ తెచ్చాడు. పేరులోనే ఇండియా, ఆండలూసియా రెండూ ఉన్నాయి.

2011లో పండిట్ రవిశంకర్ కుమార్తె అనుష్క శంకర్ 'ట్రావెలర్' ఆల్బమ్ చేసింది. నిర్మాత స్పెయిన్‌కు చెందిన హావియెర్ లిమోన్. గాయకులు బుయికా, దుకెందే, గిటారిస్టు పెపె హబిచుయెలా పాల్గొన్నారు. ఒక పాట పేరు 'భైరవి', ఇంకొకటి 'బులేరియా కోన్ రికార్డో'. పైన చెప్పుకున్న రెండు పరీక్షలూ ఆ రెండు పేర్లలోనే ఉన్నాయి చూడండి. 2013 గ్రామీ అవార్డులకు ఒకే విభాగంలో తండ్రి ఆల్బమ్, కూతురి ఆల్బమ్ రెండూ పోటీపడ్డాయి. 2012 డిసెంబరులో కన్నుమూసిన తండ్రికే ఆ అవార్డు వచ్చింది.

మన పిల్లల సంగతి

పేరెంట్స్ మీటింగ్‌లో రెండు మాటలు తరచూ వినిపిస్తాయి. ఒకటి, "ఎనిమిదో తరగతికి వచ్చాడు, ఇక సంగీతం ఆపేద్దామనుకుంటున్నాం మేడమ్." రెండోది, "కీబోర్డ్ ఆరు నెలలు, గిటార్ ఆరు నెలలు నేర్చుకుంది, ఇప్పుడు ఫ్యూజన్ అంటోంది."

మొదటిదానికి, సంగీతం నేర్చుకుంటే మార్కులు పెరుగుతాయని నేను హామీ ఇవ్వను. సంగీతాన్ని సంగీతం కోసమే నేర్చుకోవాలి. వారానికి రెండు గంటలు దానికి మిగల్చగలరా అన్నది మాత్రం ఆలోచించండి. పూర్తిగా మాన్పించే ముందు తగ్గించి చూడండి. ఆపేసిన పిల్లలు పెద్దయ్యాక మళ్లీ మొదలుపెట్టడం కష్టం.

రెండోదానికి జవాబు ఈ పాఠంలోనే ఉంది. రవిశంకర్ చిన్నతనంలో అన్నగారు ఉదయశంకర్ నాట్య బృందంతో ఐరోపా అంతా తిరిగారు. ఆ వెలుగులన్నీ వదిలి 1938లో మైహర్ వెళ్లి అల్లాఉద్దీన్ ఖాన్ గారి దగ్గర ఏళ్లతరబడి శిష్యరికం చేశారు. వయొలిన్ విద్వాంసుడు మెనూహిన్‌తో 'వెస్ట్ మీట్స్ ఈస్ట్' వెలువడింది 1967లో. మధ్యలో దాదాపు ముప్ఫై ఏళ్లున్నాయి. రెండు భాషల్ని కలిపి ముచ్చటగా మాట్లాడాలంటే ముందు ఒక భాషైనా బాగా రావాలి. పిల్లలు ఫ్యూజన్ అడిగితే వద్దనకండి. "నీ రాగం ఏది, నీ తాళం ఏది?" అని అడగండి. జవాబు చెప్పగలిగితే ముందుకు పంపండి. లేకపోతే ఉన్న వాయిద్యంతోనే ఇంకో రెండేళ్లు ఉండనివ్వండి.

ఈ నెల ఇంట్లో చేయాల్సినవి

1. మొదటి వారం: "తకిట తకిట తక తక తక" రోజూ అయిదు నిమిషాలు చప్పట్లతో. పట్టుబడ్డాక ఒకరు ఆది తాళం, ఒకరు బులేరియా వేసి 24 దగ్గర కలవండి.

2. రెండో వారం: కీబోర్డ్ మీద 'ఇ' నుంచి తెల్ల కీలు, ఆ తర్వాత 'జి' మార్చి రెండో వరస. తేడా ఎలా అనిపించిందో పిల్లల్ని ఒక్క వాక్యంలో, తెలుగులో గానీ ఇంగ్లిష్‌లో గానీ రాయమనండి.

3. మూడో వారం: కమరోన్ జోలపాట, తర్వాత 'ట్రావెలర్' నుంచి ఏవైనా రెండు పాటలు ఫోన్ పక్కన పెట్టి, స్పీకర్‌లో వినండి. సితార్ దేనికి బదులిస్తోంది, పాటకా గిటార్‌కా? పిల్లలు వేలెత్తి చూపాలి.

4. నాలుగో వారం: రోమానీ అంకెలు పది, హిందీ అంకెలు పది, తెలుగు అంకెలు పది పక్కపక్కన రాసి కలిసేవాటికి రంగు వేయాలి. ఆ కాగితాన్ని క్లాసుకు పంపండి, బోర్డు మీద పెడతాం.

ఇంట్లో తాతయ్యకో అమ్మమ్మకో జోలపాట వస్తే, మూడో వారంలో అది కూడా పాడించి ఫోన్‌లో రికార్డ్ చేయండి. పిల్లలు దాని తాళం ఎన్ని లెక్కలో కనిపెట్టి అంకెల కాగితం వెనక రాస్తే, వచ్చే నెల క్లాసులో అక్కడి నుంచే మొదలుపెడతాం.

— ఇంగ్లిష్ టీచర్, హైస్కూల్ విభాగం